పొగ ఎక్కడికి పోతుంది? - ట్రాక్టరు, నేల, మన ఆకుకూర



మన గ్రామంలోని మందిరం ప్రక్కగదిలో ప్రతి శనివారం సాయంత్రం మేము పిల్లలకు తెలుగు చెప్పుతున్నాము. మేము కూడా చిన్నతనంలో అటువంటి గదిలోనే, అటువంటి చాపమీదనే కూర్చుండి అక్షరాలు దిద్దినవారము. వారంలో అయిదు రోజులు బడిలో మేము చెప్పేది సైన్సు. శనివారం చెప్పేది భాష. ఈ రెండూ ఒకనాడు ఒకే ప్రశ్నలో కలిసినవి. ఆ ప్రశ్నకు మేము చెప్పిన జవాబు సగమే. సగం జవాబు వల్ల జరిగిన నష్టాన్ని సరిచేయడానికి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

అది చెరకు కోతకాలం. ఆనాటి మా పాఠం ‘పొలం’ అనే మాటతో మొదలైంది. ఎదుటి రోడ్డుమీద నిండు బండిని లాగుతూ ఒక ట్రాక్టరు మిట్ట ఎక్కుతున్నది. దాని గొట్టంలోనుండి నల్లని పొగ వచ్చి మా కిటికీ దాకా వ్యాపించింది. ఒక చిన్నది లేచి, “గురువుగారూ, ఆ పొగ ఎక్కడికి పోతుంది?” అని అడిగింది. క్రియోల్‌లో కాకుండా తెలుగులో అడిగిందని మాకు ఎంతో సంతోషం కలిగింది. ఆ సంతోషంలో, “పైకి పోతుంది, మరల క్రిందికి దిగి పొలంమీద, ఆకులమీద పడుతుంది. అందులో విషపదార్థాలు ఉన్నవి” అని చెప్పినాము. ఇంతలో వేళ అయిపోయింది. పిల్లలు ఇండ్లకు వెళ్లినారు.

తరువాతి శనివారం తరగతి మొదలు కాకముందే ఒక పెద్దమ్మగారు గంపతో మా గుమ్మంలో నిలబడినారు. ఆమెకు చెరకు తోటల నడుమ, బండ్ల బాట ప్రక్కన, చిన్న మడి ఒకటి ఉన్నది. అందులో తోటకూర, బచ్చలి, చిక్కుడు పండించి రోడ్డు మలుపులో అమ్ముకుంటారు. ఆ వారం గంపలోని కూర గంపలోనే వాడిపోయింది. “మాస్టరుగారూ, నా కూరలో విషం ఉన్నదని మీరే చెప్పినారట గదా?” అని ఆమె అడిగినారు. ఆమె కోపంగా అడగలేదు. అందువల్ల మాకు మరింత సిగ్గు వేసింది.

పొగలో విషపదార్థాలు ఉన్న మాట నిజమే. కాని ఏవి ఎంత ఉన్నవి, ఏవి గాలిలో పోతవి, ఏవి నేలలో ఉంటవి, ఎవరికి ముందుగా హాని చేస్తవి అనే విషయాలు చెప్పకుండా ‘విషం’ అనే మాట ఒక్కటే చెప్పడం పాఠం కాదు. అది పుకారు. ఇప్పుడు ఆ పాఠాన్ని మొదటినుండి చెప్పుకుందాము.

యంత్రం ఎందుకు వచ్చింది?

ముందుగా ఒక న్యాయమైన మాట. యంత్రాన్ని తిట్టడం మా ఉద్దేశం కాదు. 1834 నవంబరు 2వ తేదీన అట్లాసు ఓడ దిగినవారి తరువాత వచ్చిన లక్షలాది కూలీలలో మన పూర్వులూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీద మనవారిని ఇక్కడ ‘కొరింగీలు’ అని పిలిచినారు. వారు ఈ దీవి రాళ్లను చేతులతో ఏరి, గుట్టలుగా పేర్చి, ఆ గుట్టల నడుమ గునపంతో గుంటలు త్రవ్వి చెరకు నాటినారు. కత్తితో నరికి, తలమీద మోసి, ఎద్దుబండ్లమీద మిల్లుకు తోలినారు. ఆ రాళ్ల గుట్టలు ఇప్పటికీ కొన్ని తోటలలో నిలిచి ఉన్నవి. ఆ వంగిన నడుములను చూచినవారు ఎవరూ మరల ఆ కాలం రావాలని కోరరు.

తరువాత ట్రాక్టరు వచ్చింది. యంత్రాలు తిరగడానికి వీలుగా పెద్ద తోటలలో రాళ్లు తీసివేసి నేలను చదును చేసినారు. 1975లో ఐరోపా దేశాలతో కుదిరిన చక్కెర ఒప్పందం మనకు చాలా ఏండ్లు మంచి ధర ఇచ్చింది. అది 2009లో ముగిసింది. ఐరోపా ధర 36 శాతం తగ్గింది. మిల్లులు ఒకటి తరువాత ఒకటి మూతపడి, ఈనాడు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. మిల్లులు తగ్గినకొద్దీ చెరకు ఎక్కువ దూరం ప్రయాణం చేయవలసి వచ్చింది. పొలంలో పనిచేసే యువకులు కూడా తగ్గినారు. ఈ కారణాలన్నిటివల్ల మన పొలాలలో, పొలాల బాటలమీద డీజిల్ వాడకం పెరిగింది.

గొట్టంలోనుండి వచ్చేది ఏమిటి?

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. లోపలి గాలిని గట్టిగా నొక్కితే ఆ గాలి మిక్కిలి వేడెక్కుతుంది. సరిగా ఆ క్షణంలో సన్నని రంధ్రాల ద్వారా డీజిలును చిమ్ముతారు. అది తనంతట తానే మండుతుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు ఈ పద్ధతిని కనిపెట్టి, 1897లో పనిచేసే ఇంజనును లోకానికి చూపినాడు.

డీజిలులో ముఖ్యంగా ఉన్నవి కర్బనం, ఉదజని. అవి పూర్తిగా మండితే బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి మాత్రమే రావాలి. ఒక లీటరు డీజిలు మండితే రెండున్నర కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఒక కిలో కూడా తూగని లీటరు డీజిలునుండి రెండున్నర కిలోలు ఎట్లా వచ్చినవని పిల్లలు అడుగుతారు. మిగిలిన బరువు గాలిలోని ప్రాణవాయువుది. అది వచ్చి కర్బనంతో కలుస్తుంది గనుక బరువు పెరుగుతుంది.

కాని ఏ ఇంజనూ సంపూర్ణంగా మండించలేదు. అందుచేత మరికొన్ని పదార్థాలు బయటకు వస్తవి.

మొదటిది మసి. గాలి చాలక సగం మండిన కర్బనమే నల్లని పొగగా కనిపిస్తుంది. దాని రేణువులు చాలావరకు తలవెంట్రుక మందంలో 50వ వంతుకన్నా చిన్నవి.

రెండవది ఆ మసిని అంటుకుని ఉండే జిడ్డు పదార్థాలు. వీటిలో కొన్ని, ఉంగరాలను ఒకదానికొకటి అతికించినట్లు ఉండే కర్బన పదార్థాలు. బెంజోపైరీన్ ఆ జాతిదే. ఇది కాన్సరు కలిగించగలదు.

మూడవది నత్రజని ఆక్సైడులు. ఇంజను లోపలి వేడికి గాలిలోని నత్రజనియే మండి ఈ వాయువులుగా మారుతుంది.

నాలుగవది గంధకపు వాయువు. డీజిలులో గంధకం ఎంత ఉంటే ఇది అంత వస్తుంది.

అయిదవది కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు లేదు, వాసన లేదు. డీజిల్ ఇంజనులో తక్కువగాను, పెట్రోలు ఇంజనులో ఎక్కువగాను పుడుతుంది.

నేలకు చేరేది ఎంత?

ఇక చిన్నదాని ప్రశ్నకు జవాబు. పొగలోని వాయువులు చాలావరకు గాలిలో కలిసి దూరంగా పోతవి. మన దీవిలో సంవత్సరంలో చాలా నెలలు ఆగ్నేయ దిశనుండి సముద్రపు గాలి వీస్తుంది. కాబట్టి పెద్ద నగరాలలోవలె పొగ రోజులతరబడి నిలువదు. కాని గాలిలేని ఉదయాన, మనిషికన్నా ఎత్తయిన చెరకు నడుమ ఇరుకు బాటలో ట్రాక్టరు నిలిచి తిరుగుతుంటే, ఆ బాట గొట్టంవలె పొగను పట్టి ఉంచుతుంది. ఆ సమయంలో బాట అంచున ఉన్న ఆకులు, ఆ ఆకులు కోసేవారు పొగలోనే ఉంటారు.

సన్నని మసి వెంటనే నేలకు దిగదు. గాలిలో తేలుతూ ఉండి, వానతో దిగుతుంది, లేదా ఆకుల నూగుమీద అంటుకుంటుంది. ముద్దకట్టిన పెద్ద రేణువులు దగ్గరలోనే పడతవి. అందుచేత బాట అంచున ఎక్కువగాను, దూరం పోయినకొద్దీ త్వరత్వరగా తక్కువగాను ఉంటుంది.

నేలలో పడిన జిడ్డు పదార్థాలను అందలి సూక్ష్మజీవులు కొద్దికొద్దిగా విరగగొట్టుతవి. చిన్న ఉంగరాల పదార్థాలు వారాలలో, నెలలలో పోతవి. బెంజోపైరీన్ వంటి పెద్దవి ఏండ్లతరబడి ఉండగలవు. పశువుల ఎరువు, ఆకుల ఎరువు వేసిన జీవమున్న నేల ఈ పనిని బాగుగా చేస్తుంది. గట్టిపడి గాలి చొరని నేలలో ఈ పని మందగిస్తుంది.

నత్రజని ఆక్సైడులు వానతో కలిసి కొద్దిగా ఆమ్లంగా నేలకు దిగుతవి. మిక్కిలి వాన కురిసే మన మెట్ట ప్రాంతాలలో నేల సహజంగానే పులుపు గుణం కలది. అయినా పొగకన్నా మనం సంచులతో వేసే నత్రజని ఎరువులు నేలను ఎక్కువ పులుపు చేస్తవి. ఇది కూడా న్యాయంగా చెప్పవలసిన మాటయే.

నత్రజని ఆక్సైడులు మరొక పని కూడ చేస్తవి. ఎండలో ఇవి ఇతర ఆవిరులతో కలిసి ఓజోను అనే వాయువును పుట్టిస్తవి. ఎత్తయిన ఆకాశంలో ఓజోను మనకు గొడుగు. నేలదగ్గర ఉంటే అది ఆకులకు శత్రువు. చిక్కుడు జాతి, పొగాకు, బంగాళదుంప వంటి మొక్కల ఆకులమీద చుక్కలు పడి, పంట తగ్గవచ్చును. కాని ఇది ఒక్క ట్రాక్టరు చేసే పని కాదు. కార్లు, బస్సులు, విద్యుత్ కేంద్రాలు అన్నీ కలిసి చేసే పని.

ఇంకొక సంగతి. కోతకాలంలో ఆరవేసిన బట్టలమీద నల్లని పొరలు రాలితే చాలామంది ట్రాక్టరును నిందిస్తారు. వ్రేలంత పొడవున్న ఆ నల్లని పొరలు ట్రాక్టరువి కావు. కోయడానికి ముందు చెరకు తోటను కాల్చినప్పుడు ఎగిరిన ఆకుల మసి అది. ఆ పొగలో కూడా బెంజోపైరీన్ జాతి పదార్థాలు ఉంటవి. ఒక తోట తగలబడిన సాయంత్రం లేచే పొగ ముందు ట్రాక్టరు పొగ చాలా చిన్నది.

సీసం సంగతి

పెద్దమ్మగారి కూర కొననివారిలో ఒకరు, “పొగలో సీసం ఉంటుందట” అన్నారు. ఈ భయానికి ఒక కారణం ఉన్నది. కాని అది ట్రాక్టరు వల్ల కాదు.

1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు, సీసం కలిగిన ఒక ద్రవాన్ని పెట్రోలులో కలిపితే ఇంజను టకటక కొట్టుకోకుండా నడుస్తుందని కనిపెట్టినాడు. తరువాత ప్రపంచమంతటా కార్లు దశాబ్దాలపాటు సీసాన్ని గాలిలోకి వదలినవి. మన దేశం 2002లో సీసం లేని పెట్రోలుకు మారింది. లోకంలో చివరగా అల్జీరియా 2021లో దానిని మానివేసింది.

ఆ ద్రవాన్ని కలిపినది పెట్రోలులోనే. డీజిలులో దానిని కలపలేదు. కనుక డీజిల్ ట్రాక్టరు తిరిగిన పొలంబాటలో ఆ రకపు సీసం పడదు. కాని పాత పెద్దరోడ్డు అంచున, ఎన్నో కార్లు ఎన్నో ఏండ్లు తిరిగినచోట, పైమట్టిలో పాత సీసం ఉండగలదు. సీసం ఒక లోహం. దానిని సూక్ష్మజీవులు తినలేవు, ఎండ ఆవిరి చేయలేదు. బంకమట్టిని, కుళ్లిన ఆకును పట్టుకుని పైపొరలోనే కూర్చుంటుంది. మన పిల్లల పిల్లల కాలానికి కూడా అక్కడే ఉంటుంది.

అయితే మొక్క సీసాన్ని వేరుద్వారా కాయలోకి పంపడం తక్కువ. ఆకుకు, దుంపకు అంటుకున్న మట్టి ద్వారానే అది మన పళ్లెంలోకి ఎక్కువగా వస్తుంది. పసిపిల్లలు మట్టిచేతిని నోట పెట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. కాబట్టి పెద్దరోడ్డు అంచున పాత మడి ఉన్నవారు ఆ మొదటి కొన్ని గజాలలో ఆకుకూరలు, దుంపలు వేయక, వంకాయ, బెండ, టమాట వంటి కాయలు వేయడం, లేదా పూలమొక్కల కంచె పెంచడం మంచిది. నిజంగా ఎంత సీసం ఉన్నదో తెలియవలెనంటే మట్టిని ప్రయోగశాలలో పరీక్ష చేయించవలెను. కంటికి అది కనబడదు.

ముందుగా దెబ్బతినేది ఎవరు?

మేము తరగతిలో చెప్పకుండా విడిచిన ముఖ్యమైన మాట ఇది. డీజిల్ పొగ నేలకు చేరేలోపల మనిషి ఊపిరిని దాటి పోతుంది. 2012 జూనులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కాన్సరు పరిశోధనా సంస్థ, డీజిల్ పొగ మనుష్యులకు కాన్సరు కలిగిస్తుందని నిశ్చయించింది. అంతకుముందు 1988లో అదే సంస్థ ‘కలిగించవచ్చును’ అని మాత్రమే అన్నది. గనులలోను, రైలు మార్గాలమీదను, లారీలమీదను ఏండ్లతరబడి ఆ పొగ పీల్చిన కార్మికులను పరిశీలించిన మీదట వారు ఆ మాట చెప్పినారు.

కనుక మన భయానికి ఒక వరుస ఉండవలెను. మొదట ట్రాక్టరు తోలే అన్నయ్య. తరువాత బండి వెనుక నడుస్తూ చెరకు ఎత్తేవారు. తరువాత నిలిచి తిరిగే బండిచుట్టూ వింతగా చూస్తూ ఆడుకునే మన పిల్లలు. ఆ తరువాత బాట అంచు నేల. కడగని కూర ఆ తరువాతనే. బాగుగా కడిగిన కూర చిట్టచివర.

నీళ్లు తోడే చిన్న పెట్రోలు ఇంజనును వానకు తడుస్తుందని తలుపు మూసిన కొట్టంలో నడిపేవారికి ఒక హెచ్చరిక. రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ అక్కడ నిండుతుంది. తలనొప్పి, మత్తు, తరువాత మరణం. ఇంజనును ఎప్పుడూ బయట గాలిలోనే నడపవలెను.

పొగకన్నా పెద్ద హాని

పొలానికి ట్రాక్టరు చేసే హానిలో పొగ పెద్దది కాదు. రెండు ఇతర హానులు దానిని మించినవి.

ఒకటి బరువు. తడినేలమీద నిండుబండి చక్రం నడిస్తే మట్టి నొక్కుకుని గట్టిపడుతుంది. నీరు ఇంకదు, వేరు దిగదు, వానపాము తిరగదు. పొగలోని జిడ్డును తినే సూక్ష్మజీవులు కూడా గాలిలేక నీరసిస్తవి. కనుక చక్రం ప్రతిసారీ ఒకే బాటలో నడవాలి. వానపడిన మరునాడు పొలంలోకి దింపకూడదు.

రెండవది నూనె. ఇంజనులోనుండి తీసిన పాత నల్లనూనెలో అరిగిన లోహాల పొడి, ఆ ఉంగరాల కర్బన పదార్థాలు ఎన్నో నిలువ ఉంటవి. పొగలో ఎన్నో రోజులలో నేలకు దిగని మురికి, ఒక డబ్బా నల్లనూనెను కాలువ ప్రక్కన పోస్తే ఒక నిమిషంలో దిగుతుంది. 2020 జూలైలో వకాషియో అనే ఓడ మన ఆగ్నేయ తీరాన పగడపు దిబ్బ ఎక్కింది. ఆగస్టులో సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలోకి కారింది. అప్పుడు మనవారు కులమత భేదం లేకుండా చెరకు ఆకు, గోనెగుడ్డలతో అడ్డుకట్టలు కుట్టి తీరానికి పరుగెత్తినారు. నీటిమీద నూనె అందరికీ కనిపించింది. మన పెరటి మట్టిలో ఇంకే నూనె ఎవరికీ కనబడదు. అందుకు మాత్రం మనం పరుగెత్తము.

ఇతర దేశాలు ఏమి చేసినవి?

అమెరికా 2004లో ఒక నియమం చేసి, రోడ్డుమీద తిరగని డీజిల్ యంత్రాల పొగను తగ్గించే గడువులు పెట్టింది. ఆ యంత్రాల డీజిలులో గంధకాన్ని పది లక్షల భాగాలలో 15 భాగాలకు దింపినారు. గంధకం తగ్గితేనే గొట్టంలో మసిని పట్టే జల్లెడ పనిచేస్తుంది. మన పూర్వుల దేశమైన ఇండియాలో 2023 జనవరి నుండి 50 అశ్వశక్తికి మించిన కొత్త ట్రాక్టరులకు కఠినమైన పొగనియమాలు వచ్చినవి. గోదావరి జిల్లాలలోని రైతుకు కూడా అవి వర్తిస్తవి. అయితే ఈ నియమాలు కొత్త యంత్రాలకే. ట్రాక్టరు ముప్పది ఏండ్లు బ్రతకగలదు. కనుక మన పాత ట్రాక్టరు పొగను చట్టం కన్నా ముందుగా మన చేయియే తగ్గించవలెను.

మన చేతిలో ఉన్న పని

పొగరంగును చదవడం నేర్చుకోవాలి. నల్లని పొగ వస్తే ఇంజనుకు గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువ పోతున్నది. గాలి జల్లెడ మూసుకుపోయినదేమో, చిమ్మే సూది పాడైనదేమో, బరువు మించినదేమో చూడాలి. నీలిపొగ వస్తే ఇంజను నూనె మండుతున్నది. లోపలి రింగులు అరిగి ఉంటవి. చల్లని ఉదయాన కొద్దిసేపు తెల్లపొగ రావడం సహజం. వేడెక్కిన తరువాత కూడా అది ఆగకపోతే డీజిలు మండక పోతున్నది, లేదా లోపలికి నీరు చేరుతున్నది. పొగ నల్లగా ఉన్నదంటే డబ్బు పెట్టి కొన్న డీజిలు గొట్టంలోనుండి వృథాగా పోతున్నదని అర్థం. ఈ ఒక్క మాట చెప్పితే ఎంతో మంది యజమానులు మా మాట విన్నారు.

బండి నింపేటప్పుడు ఇంజను ఆపివేయాలి. ఊరక తిరుగుతున్నా గంటకు ఒకటి రెండు లీటర్లు అది త్రాగుతూనే ఉంటుంది. పాతనూనెను మూతగల డబ్బాలో పోసి, కొని తీసుకుపోయేవారికి ఇవ్వాలి. బాటకూ మడికీ నడుమ గుబురైన కంచె పెంచాలి. ఆకులు పెద్ద జల్లెడవలె పనిచేస్తవి. ఆ కంచె ఆకులను మాత్రం వండుకోకూడదు. ఆకుకూరను పారే నీటిలో రెండు మూడు సార్లు కడిగి, బయటి ముదురాకులు తీసి వండాలి.

తరగతి మరల మొదలైంది

పెద్దమ్మగారు వచ్చిన శనివారం మేము పుస్తకం తెరవలేదు. పిల్లలనందరినీ ఆమె మడికి తీసుకుపోయినాము. తడి తెల్లగుడ్డ ముక్కలను కర్రలకు కట్టి, బాటనుండి ఒక అడుగు, పది అడుగులు, యాభై అడుగులు దూరంలో పాతినాము. వారం తరువాత వచ్చి చూచినాము. మొదటి గుడ్డ బాగా మాసింది. మాసినదానిలో ఎక్కువ భాగం చక్రాలు లేపిన ఎర్రమట్టి. దానిమీద సన్నని నల్లని చాయ. రెండవ గుడ్డమీద చాలా తక్కువ. మూడవదానిమీద పిల్లలు దుమ్మును వెదకవలసి వచ్చింది. ఈ గుడ్డ లోహాలను చూపదు, వాయువులను చూపదు. దుమ్ము, మసి ఎంత దూరం పోతవో మాత్రమే చూపుతుంది. ఈ హద్దును కూడా ఈసారి పిల్లలకు చెప్పినాము.

తరువాత అక్కడనే ఒక తొట్టిలో తోటకూర కట్టను కడిగినాము. మొదటి నీరు ఎర్రగా, రెండవ నీరు మసకగా, మూడవ నీరు తేటగా వచ్చింది. ప్రశ్న అడిగిన చిన్నది ఆ మూడు నీళ్లను మూడు గాజుగ్లాసులలో పోసి వరుసగా పెట్టింది. మేము పిల్లల ముందరనే రెండు కట్టలు కొన్నాము. బాట అంచున ఉన్న మొదటి వరుసలో ఆకుకూర తీసివేసి బెండ వేయమని పెద్దమ్మగారికి చెప్పినాము.

ఆమె అంతా విని, “ఇదంతా ఆనాడే చెప్పి ఉంటే నాకు రెండు వారాల బేరం పోకపోవును గదా, మాస్టరుగారూ” అన్నారు. నిజమే. మా దగ్గర జవాబు లేదు.

ఆమె మడి ముందు ఇంకొక సంగతి చూచినాము. మేము గుడ్డలు కడుతున్నంతసేపు బాటలో ఒక ట్రాక్టరు నిలిచి తిరుగుతూనే ఉన్నది. తోలే యువకుడు పొగ పక్కనే కూర్చుండి రొట్టె తింటున్నాడు. అతడు మా పాత విద్యార్థి. మేము దగ్గరకు పోయి ఇంజను ఆపమన్నాము. “ఆపితే మరల స్టార్టు కాదు గురువుగారూ, బ్యాటరీ చచ్చింది” అని నవ్వినాడు. యజమానికి చెప్పినావా అని అడిగితే, చెప్పి మూడు నెలలైనదన్నాడు.

పాఠకులారా, కూర గంప నిలిచిపోతే గ్రామమంతా తెలిసింది. ఆ యువకుడు రోజంతా పీల్చే పొగ గురించి ఎవరూ మా గుమ్మంలోకి రాలేదు. మీలో ట్రాక్టరులు ఉన్నవారు, వాటిని అద్దెకు పిలిచేవారు చాలామంది కలరు. ఈ కోతకాలం మొదలు కాకముందే మీ బండి బ్యాటరీని, గాలి జల్లెడను, చిమ్మే సూదులను ఒకసారి చూపించండి. మీ ఇంటి పిల్లలు మా తరగతికి వస్తే, మీ ట్రాక్టరు పొగ ఏ రంగో వారిని అడిగి వ్రాయిస్తాము. వారు తెలుగులోనే వ్రాస్తారు.